పిల్లికూనకు ఉగ్గు

మా వదిన వేలి చివర ఆముదం ఇంకా మెరుస్తూనే ఉంది. ఆవిడ ఒళ్ళో పరిచిన పాత పంచె ముక్క మీద పిల్లికూన ఒక్కసారి ఒళ్ళు ముడుచుకుంది. ఆ వెంటనే దాని తోక కింద నుంచి పసుపుపచ్చ నీళ్ళు చిమ్మాయి. విరిగిన పాలలో ఆవపిండి కలిపినట్టుంది ఆ రంగు. అందులో జిగురు తీగలు, ఆ తీగల్లో రెండు మూడు చోట్ల ఎర్రటి చారలు. పంచె ముక్క తడిసి, వదిన చీర తడిసి, ఒక ధార గచ్చు మీదికి పాకింది. పులిసిన పాల వాసన, ఆముదం వాసన, వాటి అడుగున ఇంకేదో కుళ్ళు వాసన. పొద్దున తిన్న ఉప్మా గొంతులోకి వచ్చింది. పెరట్లోకి పరుగెత్తి కుళాయి దగ్గర కక్కేశాను.

మొహం కడుక్కుని వచ్చేసరికి పిల్లికూన ఆ రొచ్చులోనే పక్కకు ఒరిగి పడుంది. నోరు తెరుస్తోంది గానీ అరుపు రావడం లేదు. మా ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నా వైపు చూసింది.

“ఏవండీ, చల్లగా ఉంది.”

బయట జగ్గయ్యపేట ఎండ. పిట్టగోడ మీద చెయ్యి ఆనించలేని వేళ. కుండలో నీళ్ళు కూడా గోరువెచ్చగానే ఉన్నాయి. అరచేతిలో ఇమిడే ఆ ప్రాణి మాత్రం చల్లబడిపోతోంది.

“ఏం కాదే. లోపలి చెడంతా వచ్చేసింది. ఇక కట్టుకుంటుంది,” అంది వదిన చెల్లెలితో. అంటూ తన వేలిని పంచె ముక్కకు తుడుచుకుంది. తుడుచుకున్నాక మళ్ళీ తుడుచుకుంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలి.

మాది వ్యాపారుల కుటుంబం. మా నాన్న, అన్న పప్పులూ బెల్లమూ టోకున అమ్మారు. నేనొక్కణ్ణే పత్రికల్లో పడ్డాను. మొదట ఈ ఊళ్ళోనే విలేకరిగా, తర్వాత విజయవాడలో డెస్కు మీద పనిచేసి, ఉద్యోగం అయిపోయాక ఇంటికొచ్చాను. మా ఇంట్లో మాంసం మాట దేవుడెరుగు, కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. మేడ మీద ఒక చిన్న గది ఉంది. అందులో నా పాత పత్రికల కట్టలు. నేను రాసినవీ, దిద్దినవీ, ఎవరూ ఎన్నడూ అడగనివీ.

ఆ ఎండాకాలం మొదట్లో ఆ గదిలో పిల్లి ఉచ్చ కంపు మొదలైంది. ఉచ్చ కంపు నాకు చిన్నప్పటి నుంచీ పడదు. కాగితంలోకి ఇంకిన ఉచ్చ అయితే మరీను. తలుపు తీస్తే కళ్ళు మండేవి. వెంటిలేటర్‌లోంచి పిల్లి వస్తోందని తేల్చుకుని, ఇనుప సామాన్ల కొట్టులో జల్లెడలాంటి మెష్ ముక్క కొనుక్కొచ్చి నా చేతులతోనే బిగించాను. మేకులు కొట్టే ముందు గదిలోకి తొంగి చూశాను గానీ లోపలికి పోలేదు. ముక్కు మూసుకుని నిచ్చెన దిగిపోయాను.

రెండు రోజులు ఒక బూడిదరంగు పిల్లి పిట్టగోడ మీద అటూ ఇటూ తిరుగుతూ అరిచింది. జతకోసం అరుస్తోందనుకున్నాను. విసుగు పుట్టి ఒక చెంబు నీళ్ళు దాని మీద కొట్టాను. ఆ తర్వాత అరుపు వినపడలేదు. మూడో రోజు గదిలోంచి వచ్చిన కంపు ఉచ్చది కాదు.

ఒక కట్ట వెనక, చింపిన కాగితాల గుంటలో మూడు కూనలున్నాయి. రెండు చచ్చిపోయి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. వాటి కళ్ళ మూలల్లో ఈగలు. ఒకదాని నోటి దగ్గర తెల్లగా కదులుతున్నవి చూసి, అన్నం మెతుకులనుకుని ఒక క్షణం వంగాను కూడా. మూడోది ఆ రెండింటి మధ్యలో దూరి, చచ్చినదాని పొట్టను చప్పరిస్తోంది.

నేను మొదట చేసిన పని, నిచ్చెన ఎక్కి మెష్ పీకెయ్యడం. మేకులు జేబులో వేసుకుని, మెష్ చుట్ట చుట్టి మెట్ల కింద పెట్టి, ఆ తర్వాతే మా ఆవిణ్ణి కేకేశాను.

ఆవిడ చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “ఎంత పాపిష్టిదండీ! కన్నపిల్లల్ని ఇలా వదిలేసి పోతుందా ఏ తల్లయినా?”

ముప్పై ఏళ్ళకు పైగా ‘ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది’ అని జనాన్ని అడిగి రాసినవాణ్ణి. మా ఇంటి సంగతిలో మాత్రం మొదటి వాక్యం కొట్టేశాను. మిగిలిన ఈ ఒక్కటీ బతికి బట్టకడితే, ఎప్పుడో ఒక పూట నవ్వుతూ చెప్పెయ్యొచ్చులే అనుకున్నాను. ఇదీ పోతే ఇక చెప్పలేనని కూడా తెలుసు.

ఆవిడ ఆ కూనను ఇంట్లో పుట్టిన పసిబిడ్డను చూసినట్టే చూసింది. మేం చేసిన తప్పంతా అందులోనే ఉంది. మాకు పాలు పోసేవాడి గేదె పాలు చిక్కగా ఉంటాయి. కాస్తే రెండు వేళ్ళ మందం మీగడ కడుతుంది. పసిదానికి నీళ్ళు కలిపితే బలం రాదని, చిక్కటి పాలలోనే దూదివత్తి ముంచి చప్పరించేలా పెట్టింది. కూన ఆత్రంగా తాగింది. పొట్ట నిమ్మకాయలా గుండ్రంగా అయింది. మర్నాటి నుంచి విరేచనాలు.

మొదట ముద్దగా, తర్వాత గంజిలా, ఆ తర్వాత రంగునీళ్ళలా. అది నడిచిన చోటల్లా చుక్కలు. దాని వెనక కాళ్ళ మధ్య బొచ్చు గట్టిపడి అట్టలు కట్టింది. ఆ అట్టల కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా. మా ఆవిడ వాము నీళ్ళు పట్టింది. పెరుగు తేట పట్టింది. ఏదీ నిలవలేదు. నాలుగో రోజు నందిగామలో ఉన్న వాళ్ళక్కకు ఫోన్ చేసింది.

మా వదిన పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది. చేతిసంచిలో చీర కంటే ముందు పెట్టుకున్నది చిన్న సాన. మా చుట్టాల్లో ఎవరింట పురుడు జరిగినా ఉగ్గు పెట్టేది ఆవిడే. వస కొమ్ము, కరక్కాయ, జాజికాయ ఒక్కొక్కటీ సాన మీద ఆముదంతో రెండేసి చుట్లు అరగదీసి, ఆ గంధం వేలి చివర తీసి పసిగుడ్డు నాలుక మీద రాస్తుంది. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. కడుపులో చెడంతా ఒక్కసారి జాడించి పోతే గానీ కట్టదని ఆవిడ నమ్మకం.

“ఎన్నాళ్ళ పిల్ల, మరిదిగారూ?” అంది సాన ముందు కూర్చుంటూ.

“తెలీదు వదినా. కళ్ళు తెరిచి వారం పైన అయ్యుంటుంది.”

“అయితే చుట్టున్నర చాలు.”

అతిసారం సోకిన పల్లెలకు నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఒంట్లో నీరు పోతే మనిషి ఎలా పోతాడో మంచాల పక్కన నిలబడి చూశాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించాలని నా చేత్తోనే వార్తల కింద రాశాను. ఆ రోజు వదిన సాన మీద ఆముదం చుక్కలు వేస్తుంటే మాత్రం గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రొచ్చు మరొకరి ఒళ్ళోకి మారినందుకు ప్రాణం సుఖంగా ఉంది.

అలా కూన చల్లబడింది. నందిగామలో తమ వీధికి దగ్గర్లో కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టరమ్మ ఉందని వదినే చెప్పింది. బిస్కెట్ల అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, కూనను పడుకోబెట్టి, ముగ్గురం బస్సెక్కాం. చిల్లకల్లు దాటి హైవే ఎక్కేసరికి పెట్టెలోంచి కంపు బస్సంతా పరుచుకుంది. కిటికీలన్నీ తీసే ఉన్నాయి, లోపలికి వచ్చేది వడగాలి. ఆ గాలికి కంపు ఇంకా ఉడికింది.

“ఎవరండీ ఎండుచేపలు తెచ్చింది?” అని కండక్టరు ముందు నుంచి అరిచాడు.

మా వెనక సీట్లో మిరపకాయల మూట కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక పెద్దావిడ ముక్కు మూసుకుని, “ఎండువైతే ఇంత కంపు కొట్టవయ్యా. ఇవి పచ్చివే. మొన్నటి పచ్చివి,” అంది.

బస్సు నవ్వింది. మా వదిన వెనక్కి తిరిగింది. “మేం చేపలు తినేవాళ్ళం కాదమ్మా!”

“తినకపోతే మాన్లే, అమ్ముకుంటానికి పట్టుకుపోతున్నారేమో!”

వదిన మొహం కందిపోయింది. మా ఆవిడ తువ్వాలు అంచు ఎత్తి చూపించింది. పెద్దావిడ ముందుకు వంగి చూసి నవ్వు ఆపేసింది.

“అయ్యో, పసిగుడ్డు. కడుపు జారిందా తల్లీ? ఓ ఆముదం చుక్క పట్టించకపోయారా?”

వదిన కిటికీ వైపు తిరిగి నందిగామ వచ్చేదాకా అలాగే కూర్చుంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే చిన్నది. కూనను చూడగానే మాతో మాట్లాడకుండా, సెలైన్ సీసాలో వేడినీళ్ళు పోయించి, గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టింది. వీపు మీద చర్మం పట్టి ఎత్తి సూదితో నీళ్ళెక్కించింది. చర్మం కింద ఆ నీళ్ళు కోడిగుడ్డంత గడ్డలా నిలిచాయి. వేలితో తాకితే అటూ ఇటూ కదిలింది. నేను గోడ వైపు చూశాను.

“ఏం పెడుతున్నారండీ?”

“పాలేనమ్మా. గేదె పాలు. చుక్క నీళ్ళు కలపలేదు,” అంది మా ఆవిడ.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. “గేదె పాలు దూడకండీ. దీనికి అరగవు. ఇంకేమన్నా పట్టారా?”

వదినే చెప్పింది. “ఆముదం ఉగ్గు పెట్టానమ్మా. మా చుట్టాల పిల్లలందరికీ నా చేత్తోనే పెట్టా. ఒక్కరికీ ఏం కాలా.”

“వాళ్ళెవరికీ తోక లేదు కదండీ పెద్దమ్మా.”

ఇంకెప్పుడైనా అయితే వదిన ఆ మాటకు నవ్వేది. డాక్టరమ్మ కూడా నవ్వలేదు. “అసలే నీళ్ళు పోతున్నదానికి ఇంకా పోయేలా చేశారు. సాయంత్రం దాకా ఇక్కడే ఉండనివ్వండి. బతుకుతుందని చెప్పలేను.” తర్వాత చీటీ రాస్తూ అడిగింది. “తల్లేదీ?”

“వదిలేసి పోయిందమ్మా, పాపిష్టిది,” అంది మా ఆవిడ.

“పిల్లి అంత తేలిగ్గా వదలదండీ. ఏదన్నా అడ్డం వచ్చుండాలి. లేదా చచ్చిపోయుండాలి.”

గోడ మీద కుక్క పేగుల బొమ్మ ఉంది. అందులో ఎర్ర సిరాతో రాసిన పేర్లన్నీ చదివాను. రెండోసారి కూడా చదివాను.

సాయంత్రానికి కూన తల ఎత్తింది. పిల్లికూనల పొడిపాల డబ్బా, దూది చేతికిచ్చి, జాగ్రత్తలు చెప్పి కూనను మాకిచ్చేశారు. ఆ జాగ్రత్తల్లో ఒకటి నాకు అంతకు ముందు తెలియదు. అంత చిన్న కూన తనంతట తాను సరిగా విసర్జించలేదట. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితో దాని వెనక నెమ్మదిగా రుద్దాలట.

“తల్లయితే నాలుకతో చేస్తుందండీ,” అంది డాక్టరమ్మ. “నాకి, వచ్చింది వచ్చినట్టు తినేస్తుంది. గూట్లో వాసన రాకుండా.”

మేడ మీది గది గుర్తొచ్చింది. తల్లి అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో కూనలున్నాయని నా ముక్కుకు తెలియనే లేదు.

ఆ పని నేను చేస్తానన్నాను. మా ఆవిడ బస్సులో నా మొహంలోకి వింతగా చూసింది. “మన పిల్లల గుడ్డ ఒక్కటి ముట్టుకోని మనిషి! ఎండదెబ్బ గానీ తగిలిందా మీకు?”

చేశాను. రోజుకు ఆరేడు సార్లు. ఎడమ చేతిలో కూనను వెల్లకిలా పట్టుకుని, కుడి చేత్తో దూది రుద్దితే, మొదట ఒక చుక్క, తర్వాత వెచ్చగా వేళ్ళ మధ్యలోకి జారేది. ఒక్కోసారి పచ్చగా, ఒక్కోసారి మట్టిరంగులో నురగతో. గోళ్ళ కింద చేరింది సబ్బుకు పోయేది కాదు. అన్నం కలుపుకోబోతే వేళ్ళు వాసన వేసేవి. చెంచాతో తినడం మొదలుపెట్టాను. అలవాటైపోతుందని అందరూ అన్నారు. కాలేదు. ఊపిరి బిగబట్టి చెయ్యడం మాత్రం వచ్చింది.

కొంచెం పెద్దయ్యాక ఉడికించిన కోడిమాంసం పెట్టమంది డాక్టరమ్మ. మా ఆవిడ ఉలిక్కిపడి, “మనింట్లో పెరిగేది పెరుగన్నం తినదా?” అంది. చివరికి మేడ మీద కరెంటు పొయ్యి పెట్టుకోమని, ఆ గిన్నె కిందికి దించొద్దని నాకూ ఆవిడకూ ఒప్పందం. మాంసం కొట్టుకు మొదటిసారి మెడలో కండువాతో ముక్కు కప్పుకుని వెళ్ళాను. కొట్టువాడు గుర్తుపట్టాడు.

“మీరా సార్!”

“పిల్లికోసమయ్యా.”

“అందరూ మొదట్లో అట్టాగే అంటార్లెండి.”

ఆ మాంసం ఉడికే వాసన, నా పాత పత్రికల వాసన, పిల్లి వాసన ఒకే గదిలో. నేను గుమ్మం బయట నిలబడి గరిటె తిప్పేవాణ్ణి. కూన మాత్రం ఆ మాంసాన్ని గుర్రుమంటూ తింది. పాలవత్తి దగ్గర ఎప్పుడూ అలా గుర్రుమనలేదు.

కాస్త కండ పట్టాక నులిపురుగుల మందు పట్టించారు. మర్నాడు పొద్దున దాని దొడ్డికని పెట్టిన ట్రేలో పరిచిన పేపరు మీద, జిల్లా వార్తల మధ్య, తెల్లటి చుట్టలు. ఉడికిన సేమియాలా ఉన్నాయి. ఒకటి ఇంకా మెల్లగా చుట్ట విప్పుకుంటోంది. మా ఆవిడ చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆ రోజు నుంచీ సేమియా పాయసం లేదు.

ఇప్పుడది కూన కాదు. ఒంటి నిండా బొచ్చు, పొడుగు తోక. పిట్టగోడ మీద నడుస్తుంది. బూడిదరంగే. కానీ కడుపు మాత్రం కుదుటపడలేదు. నాలుగైదు రోజులు గట్టిగా ఉంటుంది, మళ్ళీ ఒక పూట ఇల్లంతా కంపు. ఒకసారి దాని మలం పరీక్షకు పంపితే ఏమీ కనపడలేదన్నారు. రెండోసారి మూత బిగించిన చిన్న డబ్బాలో నేనే నందిగామ తీసుకెళ్ళి ఇచ్చాను. దాని రిపోర్టు ఇంకా రాలేదు.

“చిన్నప్పుడు పేగు దెబ్బతిన్నదండీ,” అంది డాక్టరమ్మ. “గేదె పాలా, ఆముదమా, అసలు మొదట్లో తల్లి పాలందకపోవడమా, ఏదని చెప్పను?”

మా ఆవిడ ఆ మాట ఫోన్లో అక్కకు చెప్పింది. మూడింట్లో వదినకు వినపడింది ఆముదం ఒక్కటే. ఆవిడ సాన ఆ రోజు కంగారులో మా ఇంట్లోనే ఉండిపోయింది. తీసుకెళ్ళమంటే తర్వాత చూద్దాంలే అంటుంది. ఈ మధ్య వాళ్ళ మనవరాలికి పాప పుడితే ఉగ్గు పెట్టమన్నారట. “నా చెయ్యి మంచిది కాదమ్మా, ఇంకెవరినన్నా చూసుకోండి,” అందట.

“చూశారా, ఆ తల్లిపిల్లి వదిలేసి పోయినందుకు మా అక్క ఎంత కుమిలిపోతోందో,” అంది మా ఆవిడ.

మెష్ చుట్ట మెట్ల కిందే ఉంది. నేను రాసే ప్రతి ముక్కా బయటికి పోయే ముందు మా ఆవిడ చదువుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ అది అలవాటు. ఈ కాగితాలు ఇంకా ఆవిడకు ఇవ్వలేదు.